పేరు రాయించుకోని కంప్యూటర్

ఆఫీసు నెట్‌వర్క్‌లో కంప్యూటర్ పేరు రెండు రకాలుగా చెడుతుంది. మొదటి రకంలో పేరుతో పిలిస్తే ఎవరూ పలకరు. సిస్టమ్ సతాయిస్తోందని అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోన్ వస్తుంది. హెల్ప్‌డెస్క్‌లో ఉన్న కుర్రాడు ఆ సిస్టమ్ పేరు టైప్ చేసి రిమోట్‌గా లోపలికి వెళ్ళబోతాడు. అలాంటి పేరే లేదని తెర మీద వస్తుంది. అవతల ఫోన్ పట్టుకున్న మనిషి మాత్రం అదే సిస్టమ్‌లో మెయిల్ చూసుకుంటూ ఉంటాడు. రెండో రకంలో పిలిస్తే పలుకుతుంది, కాకపోతే పలికేది ఇంకొకటి. అకౌంట్స్ వాళ్ళదనుకుని తెరిచింది రిసెప్షన్‌లోది అవుతుంది.

రెండోదే ఎక్కువ హాని. మొదటిదాంట్లో పని ఆగిపోతుంది, రెండోదాంట్లో పని తప్పు చోట జరుగుతుంది. ఒకే డొమైన్‌లో ఉన్న విండోస్ యంత్రాల మధ్య కెర్బెరోస్ అనే గుర్తింపు తనిఖీ పద్ధతి చాలాసార్లు ఈ తేడాను కనిపెట్టి లోపలికి రానివ్వదు. పింగ్‌కూ, బయటి కంపెనీల రిమోట్ టూల్స్‌కూ ఆ పట్టింపు ఉండదు. అక్కడ రీస్టార్ట్ నొక్కితే, ఏ సంబంధమూ లేని మనిషి పని మధ్యలో ఉండగా సిస్టమ్ ఆరిపోతుంది, సేవ్ చేయని ఫైలు పోతుంది.

మొదటి రకం ఇబ్బంది రాగానే చాలామంది అడ్మిన్లు పేరుకు అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ కన్సోల్ తెరిచి, లేని రికార్డును చేత్తో చేర్చేస్తారు. ఆ పూటకు పని జరిగిపోతుంది. కానీ మొదటి రకం జబ్బు రెండో రకంలోకి దిగడం అక్కడే మొదలవుతుంది. ఎందుకో అర్థం కావాలంటే, కంప్యూటర్ తన పేరును తానే ఎలా రాయించుకుంటుందో చూడాలి.

పేర్లు రాసే పని మొదట్లో మనుషులదే. అర్పానెట్ కాలంలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, ఎస్‌ఆర్‌ఐ సంస్థలో, ఎలిజబెత్ ఫైన్లర్ బృందం హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలును చూసుకునేది. కొత్త యంత్రం చేరితే వాళ్ళకు చెప్పాలి, వాళ్ళు ఫైల్లో చేర్చాలి, మిగతా అందరూ ఆ ఫైలును తెచ్చుకోవాలి. యంత్రాలు పెరిగేకొద్దీ అది సాగలేదు. 1983 నవంబరులో పాల్ మోకాపెట్రిస్ ఆర్‌ఎఫ్‌సీ 882, 883 పత్రాల్లో డీఎన్‌ఎస్‌ను ప్రతిపాదించాడు. 1987లో వచ్చిన 1034, 1035 పత్రాలు ఇప్పటికీ దానికి పునాది. ఒకే పెద్ద ఫైలు పోయి, పేర్లను జోన్‌లుగా విడగొట్టి ఎవరి జోన్ వాళ్ళు చూసుకునే పద్ధతి వచ్చింది. అయితే ఆ జోన్‌లో రాసేది మళ్ళీ మనిషే. అడ్మిన్ ఫైలు తెరిచి, పేరూ ఐపీ అడ్రసూ టైప్ చేసి, సీరియల్ నంబరు పెంచి, సర్వర్ చేత మళ్ళీ చదివించేవాడు.

అడ్రస్‌లు ఏళ్ళ తరబడి మారని రోజుల్లో దీంతో చిక్కేమీ లేదు. 1993 అక్టోబరులో డీహెచ్‌సీపీ ప్రమాణం వచ్చాక అడ్రస్ యంత్రానికి సొంతం కాకుండా పోయింది, లీజుకు దొరికేదైంది. ఈ వారం ఒక నంబరు, వచ్చే వారం మరొకటి. పేరు స్థిరంగా ఉండి నంబరు తిరుగుతూ ఉంటే, వెంటపడి రాసే మనిషి ఎక్కడ దొరుకుతాడు? 1997 ఏప్రిల్‌లో పాల్ విక్సీ, సుసాన్ థామ్సన్, యాకోవ్ రెఖ్టర్, జిమ్ బౌండ్ కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2136 దీనికి జవాబు ఇచ్చింది. అంతవరకూ డీఎన్‌ఎస్ సర్వర్‌ను ప్రశ్నలు అడగడమే తెలిసిన యంత్రాలకు, ‘ఇది రాయి, అది తీసెయ్’ అని చెప్పే సందేశం ఒకటి దొరికింది. దానికి షరతు కూడా పెట్టవచ్చు: ‘ఈ పేరుతో ఇప్పటికే ఏమీ లేకపోతేనే చేర్చు’ అని. షరతు తప్పితే సర్వర్ ఏ ఒక్క మార్పూ చేయదు, కుదిరితే అన్నీ చేస్తుంది.

ఈ పద్ధతిని మామూలు ఆఫీసు బల్ల మీదికి తెచ్చింది 2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000. దానితో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ పూర్తిగా డీఎన్‌ఎస్ మీదే నిలబడింది. అప్పటినుంచి డొమైన్‌లో చేరిన ప్రతి విండోస్ కంప్యూటరూ ఎవరూ చెప్పకుండానే తన పేరు రాయించుకుంటోంది. బాగా నడిచినంత కాలం అలాంటి పని ఒకటి జరుగుతోందని వాడేవాళ్ళకు తెలియనే తెలియదు. చిక్కు వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తోచకపోవడానికి కారణం కూడా ఇదే.

జరిగే వరుస ఇది. ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ అనుకుందాం, డొమైన్ పేరు కాలేజీ.లోకల్. ల్యాబ్17 అనే సిస్టమ్ ఆన్ అయి, డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ తీసుకుంటుంది. తన పేరుకు డొమైన్ పేరు తగిలించి ల్యాబ్17.కాలేజీ.లోకల్ అని పూర్తి పేరు తయారు చేసుకుంటుంది. తర్వాత, తన సెట్టింగుల్లో ఉన్న డీఎన్‌ఎస్ సర్వర్‌ను ‘ఈ పేరు ఏ జోన్ కిందికి వస్తుంది, ఆ జోన్‌కు ముఖ్య సర్వర్ ఎవరు?’ అని అడుగుతుంది. దీన్ని ఎస్‌ఓఏ ప్రశ్న అంటారు. జవాబులో వచ్చిన ముఖ్య సర్వర్‌కే రాయమన్న సందేశం పంపుతుంది. ముందు ఏ సంతకమూ లేకుండా పంపుతుంది. డొమైన్ సభ్యులు తప్ప ఎవరూ రాయకూడదన్న కట్టడి ఆ జోన్‌కు ఉంటే సర్వర్ కాదంటుంది. అప్పుడు క్లయింట్ కెర్బెరోస్ టికెట్ తెచ్చుకుని, తాను ఎవరో రుజువు చేసుకుని, సంతకంతో అదే సందేశం మళ్ళీ పంపుతుంది. ఈసారి సర్వర్ రాస్తుంది.

నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌ను కొత్తగా పట్టుకున్నవాళ్ళు ఇక్కడే పొరబడతారు. పట్టిన ప్యాకెట్లలో ‘రిఫ్యూజ్డ్’ కనబడగానే జబ్బు దొరికిందనుకుంటారు. మొదటి తిరస్కారం జబ్బు కాదు, ఆరోగ్యంగా ఉన్న జోన్ చేయాల్సిన పనే అది. చూడాల్సింది దాని తర్వాత సంతకంతో రెండో సందేశం వెళ్ళిందా, దానికి ఏ జవాబు వచ్చింది అన్నది.

ఈ మొత్తం ఎప్పుడెప్పుడు జరుగుతుందంటే, సిస్టమ్ ఆన్ అయినప్పుడు, అడ్రస్ మారినప్పుడు, ఏమీ మారకపోయినా 24 గంటలకొకసారి. మనం కావాలనుకుంటే అడ్మినిస్ట్రేటర్ హక్కులతో ఐపీకాన్ఫిగ్ ఆదేశానికి రిజిస్టర్‌డీఎన్‌ఎస్ తగిలించి అప్పటికప్పుడు చేయించవచ్చు. ఆ ఆదేశం ఇచ్చే జవాబును చాలామంది పూర్తిగా చదవరు. రిజిస్ట్రేషన్ మొదలైందని మాత్రమే అది చెబుతుంది. తప్పులేమైనా ఉంటే 15 నిమిషాల్లో ఈవెంట్ వ్యూయర్‌లో కనబడతాయని ఆ వాక్యం చివర్లోనే ఉంటుంది. అందుకని ఆదేశం ఇచ్చి వెళ్ళిపోకూడదు. సిస్టమ్ లాగ్‌లో డీఎన్‌ఎస్ క్లయింట్ రాసిన ఎంట్రీ తెరిస్తే ఏ అడాప్టర్, ఏ పేరు, ఏ అడ్రస్, ఏ సర్వర్‌కు పంపింది, ఎందుకు కుదరలేదు అన్నీ ఒకే చోట ఉంటాయి. జవాబే రాలేదా, సర్వర్ కాదన్నదా అన్న తేడా అక్కడే తేలిపోతుంది. ఆ రెండింటి వైద్యాలు పూర్తిగా వేరు.

ల్యాబ్17 పేరు జోన్‌లో లేదనుకుందాం. మొదట చూడాల్సింది ఆ సిస్టమ్ ఎవరిని అడుగుతోందన్నది. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొడితే డీఎన్‌ఎస్ సర్వర్ల వరుస కనబడుతుంది. నెట్ నెమ్మదిగా ఉందని ఎవరో అంటే గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8 పెట్టేయడం మన దగ్గర చాలా మామూలు. మొదటిది కాలేజీ సర్వరే ఉంచాం, రెండోదిగానే దాన్ని పెట్టాం అని కొందరు ధీమాగా ఉంటారు. మొదటి సర్వర్‌కు తెలియకపోతే రెండోదాన్ని అడుగుతుందనీ, రెండోదానికి తెలియకపోతే మళ్ళీ మొదటిదానికి వస్తుందనీ వాళ్ళ నమ్మకం. అలా జరగదు. మొదటి సర్వర్ జవాబే ఇవ్వనప్పుడు మాత్రమే క్లయింట్ రెండోదాని వైపు వెళుతుంది. ‘ఆ పేరు లేదు’ అన్నది కూడా జవాబే. ఒకసారి కాలేజీ సర్వర్ రీస్టార్ట్ అవుతున్న నిమిషాల్లో ల్యాబ్17 గూగుల్ సర్వర్ వైపు తిరిగిందంటే, కాలేజీ.లోకల్ సంగతి దాన్నే అడుగుతుంది. అలాంటిది ప్రపంచంలోనే లేదని అది నిజాయితీగా చెబుతుంది. ముఖ్య సర్వర్ ఎవరో తెలియని క్లయింట్ ఎవరికి రాస్తుంది? డొమైన్‌లో ఉన్న యంత్రాల సెట్టింగుల్లో లోపలి డీఎన్‌ఎస్ సర్వర్లు మాత్రమే ఉండాలి. బయటి పేర్లు కావాలంటే ఆ లోపలి సర్వరే ఫార్వర్డర్ ద్వారా తెచ్చి ఇస్తుంది. నా అంచనాలో ఈ ఒక్క సవరణతో తీరే ఫిర్యాదులే అన్నిటికన్నా ఎక్కువ.

ఎన్‌ఎస్‌లుకప్‌లో టైప్‌ను ఎస్‌ఓఏగా పెట్టి, క్లయింట్ అడిగే ప్రశ్నను మనమే అదే సిస్టమ్ నుంచి అడిగి చూడవచ్చు. జవాబులో వచ్చిన ముఖ్య సర్వర్ పేరు మన సర్వర్‌దేనా? ఆ పేరుకు వచ్చే అడ్రస్ ఇంకా బతికే ఉందా? పాత సర్వర్‌ను ఎప్పుడో తీసేసి, జోన్ మొదటి రికార్డులో దాని పేరు అలాగే వదిలేసిన చోట్ల ఉత్తరాలన్నీ లేని ఇంటికి వెళుతూ ఉంటాయి.

తర్వాతిది క్లయింట్‌కు రాయించుకునే ఉద్దేశం ఉందా అన్నది. నెట్‌వర్క్ అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, డీఎన్‌ఎస్ ట్యాబ్‌లో, ఈ కనెక్షన్ అడ్రస్‌లను రిజిస్టర్ చేయమనే చిన్న పెట్టె ఉంటుంది. ఎప్పుడో ఎవరో అక్కడ టిక్ తీసేసి ఉండవచ్చు, గ్రూప్ పాలసీ తీసేసి ఉండవచ్చు. డొమైన్‌లో చేరని సిస్టమ్‌కు పేరు వెనుక తగిలించడానికి డొమైనే ఉండదు కనుక, ఏ జోన్‌లో రాయించాలో దానికి తెలియదు. డొమైన్ పేరు చుక్క లేకుండా కాలేజీ అని ఒంటి పదంగా పెట్టిన పాత నెట్‌వర్క్‌లు కొన్ని ఇంకా నడుస్తున్నాయి. అలాంటి జోన్ విండోస్ కంటికి డాట్ కామ్, డాట్ ఇన్‌లతో సమానమైన పైస్థాయి జోన్‌గా కనబడుతుంది. ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ రాయించే ప్రయత్నం చేయదు.

రాయించే పని చేసే సర్వీసు గురించి కూడా ఒక మాట చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీ, సర్వర్ 2003 కాలం దాకా పేరు రాయించే బాధ్యత డీహెచ్‌సీపీ క్లయింట్ సర్వీసుది. స్థిరమైన అడ్రస్ ఇచ్చిన సర్వర్‌లో డీహెచ్‌సీపీతో పనేముంది అనుకుని దాన్ని ఆపేసినవాళ్ళు ఎందరో. ఆపిన రోజు ఏమీ కాదు. కొన్నాళ్ళకు ఆ సర్వర్ పేరే జోన్‌లోంచి మాయమవుతుంది, రెండు సంగతులకూ ముడి ఉందని ఎవరికీ తట్టదు. విస్టా నుంచి ఈ పని డీఎన్‌ఎస్ క్లయింట్ సర్వీసుకు మారింది.

ఉద్దేశం ఎక్కువైనా చిక్కే. వర్చువల్‌బాక్స్ పెట్టుకున్న సిస్టమ్‌కు మామూలుగా 192.168.56.1 అనే లోపలి అడ్రస్ ఒకటి పుడుతుంది. పక్క సిస్టమ్ నుంచి ఆ అడ్రస్‌కు దారి లేదు. అయినా ఆ అడాప్టర్‌కూ టిక్ ఉంటే అదీ జోన్‌లో చేరుతుంది. ఒకే పేరుకు రెండు అడ్రస్‌లు, సర్వర్ వాటిని మార్చి మార్చి ఇస్తుంది. ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. వీపీఎన్ అడాప్టర్లతోనూ ఇదే తంతు. వచ్చీపోయే ఇలాంటి జబ్బును కేబుల్ మీదికీ స్విచ్ మీదికీ నెట్టేసి, వారాల తరబడి అవే మారుస్తూ కూర్చోవడం చాలా చోట్ల జరుగుతుంది.

ఇక అన్నిటికన్నా లోతైనది హక్కుల సంగతి. యాక్టివ్ డైరెక్టరీలో ఉండే జోన్‌లో ప్రతి పేరూ ఒక వస్తువు, ఆ వస్తువుకు ఒక యజమాని ఉంటాడు. సురక్షిత పద్ధతిలో కొత్త పేరును డొమైన్ సభ్యులెవరైనా చేర్చవచ్చు. చేర్చిన పేరును మార్చే హక్కు మాత్రం దాన్ని మొదట రాసిన ఖాతాకే, అడ్మిన్లకే ఉంటుంది. మంచి కట్టడే ఇది. లేకపోతే ఏ ల్యాబ్ సిస్టమైనా ఫైల్ సర్వర్ పేరును తన అడ్రస్ మీదికి తిప్పుకోగలదు. అయితే ఇదే కట్టడి నిజమైన యజమానినీ బయట నిలబెట్టే సందర్భాలున్నాయి.

ల్యాబ్17 హార్డ్‌డిస్క్ పోయి కొత్తగా విండోస్ ఎక్కించారు. డొమైన్‌లోంచి పాత కంప్యూటర్ ఖాతా తీసేసి, అదే పేరుతో కొత్తగా చేర్చారు. పేరు అదే, లోపలి గుర్తింపు సంఖ్య వేరు. జోన్‌లో ఉన్న రికార్డు పాత గుర్తింపు పేరిట ఉంది. తండ్రి పేరిట పట్టా ఉన్న పొలానికి, పేరు మార్పించుకోకుండా కొడుకు వెళ్ళి సర్వే చేయమంటే ఎంత కుదురుతుందో ఇదీ అంతే. సర్వర్ సంతకం చూస్తుంది, సంతకం సరైనదే, కానీ రికార్డు నీది కాదంటుంది. పాత అడ్రస్ అలాగే నిలిచిపోతుంది. కొన్నాళ్ళకు డీహెచ్‌సీపీ ఆ పాత అడ్రస్‌ను ఇంకో సిస్టమ్‌కు ఇస్తుంది. అప్పటినుంచి ల్యాబ్17 అని పిలిస్తే ఇంకెవరో పలుకుతారు. పాత ఖాతాను తీసేయకుండా రీసెట్ చేసి దానిలోనే చేర్చి ఉంటే గుర్తింపు మారేది కాదు. ఇప్పటికే మారిపోతే, పాత రికార్డును తీసేసి క్లయింట్‌నే కొత్తగా రాయించుకోనివ్వాలి.

అడ్మిన్ చేత్తో చేర్చిన రికార్డు ఎందుకు ముల్లు అవుతుందో ఇప్పుడు చూడవచ్చు. దానికి యజమాని అడ్మిన్, ల్యాబ్17 కాదు. రేపు అడ్రస్ మారినప్పుడు ల్యాబ్17 దాన్ని దిద్దబోతే హక్కు లేదని జవాబు వస్తుంది. పైగా చేత్తో చేర్చిన రికార్డుకు తేదీ ముద్ర ఉండదు కనుక, పాత రికార్డులను ఏరిపారేసే యంత్రాంగం దాన్ని తాకదు. పేరు లేకపోవడం అనే చిన్న జబ్బుకు మందుగా, ఎప్పటికీ తనంతట తాను పోని తప్పు రికార్డును మనమే జోన్‌లో నాటిపెట్టాం. లేని రికార్డును చూసినప్పుడు చేయి ఆగాలి. దాన్ని రాయాల్సింది ఎవరు, వాళ్ళు ఎందుకు రాయలేకపోయారు అన్నది తేలకుండా కన్సోల్‌లో ఏమీ చేర్చకూడదని నేను గట్టిగా చెబుతాను. సర్వర్లకూ రౌటర్లకూ కావాలని పెట్టే స్థిర రికార్డుల మాట వేరు.

రాయాల్సింది ఎవరన్న ప్రశ్నకు అన్నిసార్లూ క్లయింటే అన్నది జవాబు కాదు. ప్రింటర్లూ, ఐపీ ఫోన్లూ, డొమైన్ బయట ఉన్న యంత్రాలూ కెర్బెరోస్ టికెట్ తెచ్చుకోలేవు. వాటి తరఫున డీహెచ్‌సీపీ సర్వర్ రాయగలదు. విండోస్ క్లయింట్ విషయంలో మామూలు ఒప్పందం ఏమిటంటే, పేరు నుంచి అడ్రస్ చెప్పే రికార్డును క్లయింట్ రాస్తుంది, అడ్రస్ నుంచి పేరు చెప్పే తిరుగు రికార్డును డీహెచ్‌సీపీ సర్వర్ రాస్తుంది. అన్నీ నువ్వే రాయి అని డీహెచ్‌సీపీ సర్వర్‌కు ఒప్పగించవచ్చు కూడా. మధ్యలో పద్ధతి మార్చినప్పుడే గొడవ. నిన్నటిదాకా క్లయింట్లు రాసుకున్న రికార్డులకు వాళ్ళే యజమానులు, ఇవాళ్టినుంచి రాయబోయే డీహెచ్‌సీపీ సర్వర్‌కు వాటి మీద హక్కు లేదు. రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు ఉన్నచోట ఒకటి రాసింది మరొకటి దిద్దలేదు. అందుకే వాటన్నిటికీ కలిపి ప్రత్యేకంగా ఒక మామూలు ఖాతా సృష్టించి, ఆ ఖాతా పేరిటే రాయించమని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. డీహెచ్‌సీపీని డొమైన్ కంట్రోలర్ మీదే నడుపుతూ ఈ ఖాతా ఇవ్వకపోతే ముప్పు ఇంకో వైపు నుంచి వస్తుంది. డొమైన్ కంట్రోలర్ హక్కులతో రాసే డీహెచ్‌సీపీకి జోన్‌లో తిరగరాయలేని పేరు దాదాపు ఉండదు. దీన్ని అడ్డం పెట్టుకుని పేర్లను ఎలా దారి మళ్ళించవచ్చో 2023 డిసెంబరులో అకమాయ్ పరిశోధకులు చూపించారు.

పాత రికార్డులను ఏరివేసే పనిని స్కావెంజింగ్ అంటారు. ప్రతి ఆటోమేటిక్ రికార్డు మీదా తేదీ ముద్ర పడుతుంది. మామూలు సెట్టింగుల్లో మొదటి 7 రోజులు ఆ ముద్రను కొత్తది చేయనివ్వరు, తర్వాతి 7 రోజుల్లో క్లయింట్ వచ్చి కొత్తది చేసుకోవాలి, ఆ గడువు కూడా దాటితే రికార్డు తీసేయడానికి సిద్ధం. దీన్ని సర్వర్ మీదా, జోన్ మీదా రెండు చోట్లా ఆన్ చేయాలి. ఒక్క చోటే ఆన్ చేసి జరుగుతోందనుకోవడం తరచూ కనబడే లోపం. విండోస్ డీహెచ్‌సీపీ లీజు మామూలుగా 8 రోజులు కనుక ఈ లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోతాయి. వైఫై కోసం లీజును కొన్ని గంటలకు కుదించి, స్కావెంజింగ్‌ను అలాగే వదిలేస్తే, ఒకే అడ్రస్ మీద రెండు వారాల్లో అరడజను పేర్లు పేరుకుంటాయి. రికార్డు పోవడం గురించి మనవాళ్ళు భయపడినంతగా, రికార్డు పోకుండా ఉండిపోవడం గురించి భయపడరు.

గడియారాన్ని కూడా ఒకసారి చూడాలి. కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయిన పాత ల్యాబ్ సిస్టమ్ ఎప్పటిదో తేదీతో లేచిందంటే, సమయం సరిపడేదాకా దాని సంతకం చెల్లకపోవచ్చు. లినక్స్ వైపు బైండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్లలో కెర్బెరోస్‌కు బదులు రెండు వైపులా ఒకే రహస్య తాళం ఉంచే టీసిగ్ పద్ధతి ఎక్కువ. అక్కడా సందేశం మీద సమయం ముద్ర ఉంటుంది, మామూలుగా ఇచ్చే వెసులుబాటు 300 సెకన్లే. బైండ్‌లో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఆటోమేటిక్‌గా మారే జోన్‌ను ఎడిటర్‌తో తెరిచి దిద్దకూడదు. మార్పులు ముందు జర్నల్ ఫైల్లోకి వెళతాయి కనుక, జోన్‌ను కాసేపు ఫ్రీజ్ చేయకుండా చేయి పెడితే ఫైలుకూ జర్నల్‌కూ పొంతన తప్పుతుంది.

అన్నీ సరిచేశాక పరీక్షించే దగ్గర మళ్ళీ మోసపోవచ్చు. ఇంతకుముందు ‘లేదు’ అని వచ్చిన జవాబును మన సిస్టమే కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి కాష్ ఖాళీ చేసి, ఎన్‌ఎస్‌లుకప్‌లో నేరుగా ముఖ్య సర్వర్ పేరు ఇచ్చి అడగాలి. ఊళ్ళో ఒక బ్రాంచి, హైదరాబాద్‌లో హెడ్డాఫీసు ఉన్న సంస్థలో, ఇక్కడ రాసిన రికార్డు అక్కడికి వెంటనే చేరదు. యాక్టివ్ డైరెక్టరీ సైట్ల మధ్య మార్పులు పంచుకునే వ్యవధి మామూలుగా 180 నిమిషాలు. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాల్సిన చోట కొత్త రికార్డు చేత్తో చేర్చి, ఒకే పేరుకు రెండు జవాబులు తయారుచేసుకోవడం అనవసరం.

రాయించుకునే సందేశం దారి తప్పితే ఎంత దూరం పోతుందో చెప్పే రెండు నిజ సంఘటనలు ఉన్నాయి. మొదటిది తిరుగు రికార్డుల గురించి. 10తోనో 192.168తోనో మొదలయ్యే ప్రైవేటు అడ్రస్‌లు ఎవరి ప్రాంగణంలో వాళ్ళవి. వాటికి తిరుగు జోన్‌ను లోపలి సర్వర్‌లోనే పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ‘ఈ జోన్‌కు ముఖ్య సర్వర్ ఎవరు’ అన్న ప్రశ్న ప్రాంగణం దాటి ఇంటర్నెట్‌లోకి వెళుతుంది. ప్రపంచమంతటి నుంచి ఇలా పొంగి వచ్చే ప్రశ్నలను తట్టుకోవడానికి, ఏఎస్112 అనే పేరుతో స్వచ్ఛందంగా నడిచే సర్వర్లు అనేక దేశాల్లో ఉన్నాయి. అవి ఇచ్చే జవాబులో ముఖ్య సర్వర్ పేరు ప్రిజనర్.ఐఏఎన్‌ఏ.ఓఆర్‌జీ. మన సిస్టమ్‌లు బుద్ధిగా ఆ సర్వర్‌కే తమ పేర్లు రాయమని పంపుతాయి, అది కుదరదని జవాబిస్తుంది. ఆ జవాబులు ఫైర్‌వాల్ లాగ్‌లో కనబడగానే ఖైదీ అనే పేరున్న యంత్రమేదో తమ మీద దాడి చేస్తోందని అడ్మిన్లు కంగారుపడి ఫిర్యాదులు రాసేవారు. ఆ ఫిర్యాదుల బెడద ఎంతవరకు వెళ్ళిందంటే, ‘ప్రిజనర్ నా మీద దాడి చేస్తోంది’ అన్న అర్థం వచ్చే శీర్షికతోనే 2011 జూలైలో ఆర్‌ఎఫ్‌సీ 6305 వెలువడింది. అందులో చెప్పిందల్లా, దాడి ఏమీ లేదు, మీ యంత్రాలు అడిగిన ప్రశ్నలకే అవి జవాబులు, తిరుగు జోన్ మీ దగ్గరే పెట్టుకోండి అని.

రెండోది 2021 ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సమావేశంలో బయటపడింది. విజ్ అనే భద్రతా సంస్థకు చెందిన షిర్ తమారి, అమి లుట్వాక్ దాన్ని వివరించారు. కంపెనీ డొమైన్ అమెజాన్ వారి రూట్ 53లో ఉంటే, ముఖ్య సర్వర్‌గా అమెజాన్ సర్వర్ పేరే జవాబులో వస్తుంది. సరిగ్గా ఆ సర్వర్ పేరుతోనే ఒక జోన్‌ను వీళ్ళు రూట్ 53లో తెరిచి, దాన్ని తమ యంత్రం అడ్రస్ వైపు తిప్పారు. ఆఫీసు బయట, ఇంటి వైఫై మీద ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు ముఖ్య సర్వర్‌ను వెతుక్కుంటూ వచ్చి, తమ పేర్లనూ లోపలి అడ్రస్‌లనూ వీళ్ళ యంత్రానికి అప్పగించడం మొదలుపెట్టాయి. అలా వచ్చిన సందేశాలు 15,000కు పైగా సంస్థలవి, వాటిలో ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. కంప్యూటర్‌కు ఉద్యోగి పేరు పెట్టే అలవాటున్న చోట ఎవరు ఏ దేశంలో కూర్చుని పని చేస్తున్నారో కూడా తెలిసిపోతుంది. అమెజాన్, గూగుల్ తమ వైపు అలాంటి పేర్లతో జోన్ తెరిచే వీలును మూసేశాయి. విండోస్ క్లయింట్ వెతుక్కునే పద్ధతి మాత్రం రూపొందించినట్టే ఉంది. ఆఫీసు లోపల వాడే డొమైన్ పేరూ, బయట వెబ్‌సైట్‌కు వాడే డొమైన్ పేరూ ఒకటే అయిన సంస్థలు ఈ పని ఇప్పటికీ చేసుకోవాల్సిందే: బయటి జోన్‌లో ముఖ్య సర్వర్‌గా ఏ పేరు వస్తోందో చూసుకోవాలి, లోపలి నుంచి బయటి సర్వర్లకు 53 పోర్టు మీద నేరుగా వెళ్ళే సందేశాలను ఫైర్‌వాల్‌లో ఆపాలి, ఆగిన సందేశాల్లో ‘రాయి’ అన్న రకానివి ఏ సిస్టమ్‌ల నుంచి వచ్చాయో లాగ్ తీసి ఆ సిస్టమ్‌ల డీఎన్‌ఎస్ సెట్టింగులు సరిచేయాలి.